చీర మార్చమని వెళ్తే ఐదుగురి దగ్గరికి తిప్పారు: మన షాపుల్లో కస్టమర్ సర్వీస్ గురించి

కృష్ణలంక అమ్మాయి
జూలై 28, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి. రెండు రోజులుగా మనసు బాగాలేదు, ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది.

శ్రావణంలో మా వదిన సీమంతం. ఆషాఢం ఆఫర్లు అయిపోయేలోపు కొందామని అమ్మా నేనూ విజయవాడలోనే ఒక పెద్ద షోరూంకి వెళ్ళి పట్టుచీర తీసుకున్నాం. 8,400 రూపాయలు. కొనేటప్పుడు ఎంత మర్యాద చేశారో చెప్పలేను. అమ్మకి కుర్చీ వేశారు, కూల్‌డ్రింక్ ఇచ్చారు, నలభై చీరలు విసుక్కోకుండా పరిచి చూపించారు.

ఇంటికొచ్చాక ఫాల్ కుట్టే ఆవిడకి ఇచ్చాం. ఆవిడ చీర మొత్తం పరిచేసరికి కొంగుకి కాస్త ఇవతల, అంచు నుంచి అంచు దాకా, జానెడు మేర పోగులు తప్పి జల్లెడలా కనిపించిందట. ఇంకా సూది కూడా పెట్టలేదు. వెంటనే ఫోన్ చేసింది. మర్నాడే బిల్లు తీసుకుని అమ్మా నేనూ షాపుకి వెళ్ళాం.

కింద కస్టమర్ కేర్ బోర్డు ఉన్నచోట అడిగితే ‘మూడో ఫ్లోర్‌లో కొన్నారు కదా, అక్కడే అడగండి’ అన్నారు. పైన మాకు చీర అమ్మిన అమ్మాయి చూసి ‘అయ్యో, అవునక్కా, నేతలోనే పోయింది’ అంది. కానీ తన చేతుల్లో ఏమీ లేదట, సూపర్‌వైజర్‌ని పిలిచింది. ఆయన బిల్లింగ్‌కి వెళ్ళమన్నాడు. బిల్లింగ్ వాళ్ళు ఫ్లోర్ మేనేజర్‌ని కలవమన్నారు. ఆయన చీర మడత కూడా విప్పలేదు. బిల్లు వెనక్కి తిప్పి చూపించాడు. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. ఆఫర్ సరుకు మార్చబడదు.’ పైగా ‘మీ ఇంట్లో ఎవరిదో గోరు తగిలి ఉంటుంది మేడం’ అన్నాడు.

అమ్మకి 62 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. రెండు గంటలు నిలబడే ఉంది. వారం కిందట కుర్చీ వేసి కూర్చోబెట్టిన చోటే. ఆటోలో వస్తూ ఒక్క మాట అంది: ‘మనం ఏదో దొంగతనం చేసి వచ్చినట్టు చూశాడే ఆ అబ్బాయి.’ డబ్బు కంటే ఆ మాటే నన్ను పట్టుకుంది.

చట్టం ప్రకారం ఏమైనా చేయొచ్చా? మీ ఊళ్ళలో కూడా ఇలాగే ఉందా? షాపుతో ఇంకా మాట్లాడుతున్నాం కాబట్టి పేరు రాయడం లేదు. మీరు కూడా ఊహించి పేర్లు పెట్టొద్దని మనవి.


వరంగల్ వాలా
జూలై 28, రాత్రి 10:15

చదువుతుంటే బాధేసింది. చీర ఒక్కటే కాదు, అన్నిటికీ ఇదే కథ. మేము మొన్న ఎండాకాలంలో ఫ్రిజ్ కొన్నాం. మూడో రోజుకే కూలింగ్ ఆగిపోయింది. షాపుకి ఫోన్ చేస్తే ‘మా పని అమ్మడం వరకే, కంపెనీ సర్వీస్ సెంటర్‌కి చెప్పుకోండి’ అన్నారు. సర్వీస్ సెంటర్ ఫోన్‌లో ఒకటి నొక్కండి, రెండు నొక్కండి. మనిషి గొంతు వినడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఇంట్లో పసిపిల్ల ఉంది, పాలు నిలవలేదు, పదకొండు రోజులు అలాగే గడిపాం. ఇప్పటికీ కూలింగ్ సరిగ్గా లేదు.

డబ్బు తీసుకున్నది షాపు. ఫ్రిజ్‌తో నాకేం సంబంధం అని వాళ్ళు ఎలా అంటారు? తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి.


తాడితోట బాబాయ్
జూలై 29, ఉదయం 6:50

అమ్మాయ్, నేను రాజమండ్రి తాడితోటలో ముప్ఫై నాలుగేళ్ళు బట్టల వ్యాపారం చేశాను. ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. వ్యాపారస్తుడి వైపు నుంచి రెండు మాటలు చెబుతాను.

మొదటిది నీ చీర గురించి. గోరో గాజో తగిలితే ఒక పోగు పైకి లేస్తుంది, దాని పక్కన బట్ట ముడుచుకుంటుంది. ఆ లాగిన గుర్తు ఒక్కచోటే ఉంటుంది. నేతలో పేక, అంటే అడ్డపోగు, తప్పితే అలా ఉండదు, చీరకి అడ్డంగా అంచు నుంచి అంచు దాకా ఒకే వరసలో పోతుంది. నువ్వు రాసింది సరిగ్గా అదే. నాలుగు రోజులు బట్టల కొట్లో కూర్చున్న ఎవరికైనా తెలిసే తేడా ఇది. తెలుసుకోవాలంటే మడత విప్పాలి. మడత విప్పకుండానే తీర్పు చెప్పాడు చూడు, ఆ మేనేజరు తప్పు అక్కడుంది.

ఆ చీర వెనక్కి తీసుకుంటే షాపుకి నష్టం కూడా పెద్దగా ఉండదు. డ్యామేజ్ పీసులు ఎక్కడ కొన్నామో అక్కడికే తిరిగి పంపేవాళ్ళం. మా హయాంలో నెలకో మూట వెళ్ళేది, వాళ్ళు బిల్లులో సర్దేవాళ్ళు. మగ్గం మీద నేసే బట్టలో ఎప్పుడో ఒకప్పుడు పొరపాటు వస్తుందని అందరికీ తెలుసు. దాన్ని భరించాల్సింది నీలాంటి ఆడపిల్ల కాదు.

రెండోది మా బాధ కూడా వినాలి. పెళ్ళికి కట్టుకుని, మర్నాడు మడతపెట్టి తెచ్చి ‘రంగు నచ్చలేదండీ’ అనేవాళ్ళు ఉన్నారు. చీర విప్పితే గంధం వాసన, కుచ్చిళ్ళ దగ్గర పసుపు మరక. ఏమీ అనలేం, ఊరివాళ్ళే. ఇలాంటివాళ్ళు పదిమంది తగిలేసరికి పదకొండో మనిషి నిజం చెప్పినా నమ్మబుద్ధి కాదు. ఆ మేనేజర్‌ని వెనకేసుకు రావడం లేదు. అనుమానం ఎలా పుడుతుందో చెబుతున్నాను.

పొద్దున్నే బోణీ కాకముందు వాపసు తెస్తే మాకూ మనసు చివుక్కుమనేది. ‘మధ్యాహ్నం రామ్మా’ అని పంపేవాళ్ళం. మధ్యాహ్నం వస్తే మాత్రం మార్చి ఇచ్చేవాళ్ళం. మాట అంటే మాటే.

ఇకనుంచి ఎవరు పట్టుచీర కొన్నా బిల్లు వేయించకముందే కొంగు నుంచి లోపలి చెంగు దాకా పూర్తిగా విప్పించి వెలుగుకి పట్టి చూడండి. మొహమాటపడొద్దు.


చట్టం చదివినవాడు
జూలై 29, ఉదయం 11:20

కృష్ణలంక అమ్మాయి గారూ, వినియోగదారుల కమిషన్‌లో నేను కేసులు చూస్తుంటాను. ధైర్యంగా ఉండండి, మీ పక్షాన బలం ఉంది.

ముందు ఆ బిల్లు వెనక రాత సంగతి. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని అచ్చు వేయించుకున్నంత మాత్రాన లోపమున్న సరుకు అంటగట్టే హక్కు షాపుకి రాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం, సెక్షన్ 2(47)లో అనుచిత వ్యాపార పద్ధతులు ఏమిటో రాశారు. లోపమున్న వస్తువుని బిల్లులో చెప్పిన గడువులోపు, గడువు ఏమీ చెప్పకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వకపోవడం వాటిలో ఒకటి. అసలు బిల్లే ఇవ్వకపోవడం ఇంకొకటి. ఈ చట్టం 2020 జూలై నుంచి అమల్లో ఉంది.

రంగు నచ్చలేదు, సైజు సరిపోలేదు అన్నప్పుడు మార్చడం షాపు ఇష్టం, వాళ్ళ పాలసీని బట్టి ఉంటుంది. లోపం ఉన్నప్పుడు మాత్రం అడగడం మీ హక్కు. ఆఫర్‌లో కొన్నా సరే. లోపం ఉందని ముందే చెప్పి తగ్గించి అమ్మితే వేరే సంగతి. ఈ తేడా షాపుల్లో చాలామందికి తెలియదు, కొనేవాళ్ళకీ తెలియదు. ఫ్లోర్ మేనేజర్లకి ఈ ఒక్క పేజీ చదివి వినిపిస్తే నా దగ్గరికి వచ్చే కేసుల్లో సగం రావని నా నమ్మకం.

ఈరోజే పగటి వెలుగులో చీరని బిల్లు పక్కన పెట్టి ఫోటోలు, వీడియో తీయండి. ఫాల్ కుట్టించకండి. జరిగింది జరిగినట్టు ఒక ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో షాపుకి పంపండి, ఈమెయిల్ కూడా చేయండి. ఏ రోజు కొన్నారు, ఏ రోజు వెళ్ళారు, ఎవరు ఏమన్నారు, మీకేం కావాలి, అంతే. కోపం మాటలు వద్దు. ఆ తరువాత 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడ తీర్పులేమీ ఇవ్వరు. మీ ఫిర్యాదుని షాపుకి చేరవేసి, కేసు దాకా వెళ్ళకుండా తేల్చుకునే అవకాశం ఇస్తారు. చాలా సమస్యలు అక్కడే తెగిపోతాయి.

అప్పటికీ కాకపోతే జిల్లా కమిషన్. మీరు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. రెండేళ్ళ లోపు వేయాలి. వినియోగదారుల కేసుల కోసం ప్రభుత్వం పెట్టిన ఇ-జాగృతి పోర్టల్‌లో ఇంటినుంచే వేయొచ్చు. కొన్న ఊళ్ళోనే వేయాలని లేదు, మీరు ఉంటున్న జిల్లాలో కూడా వేయొచ్చు. 2019 చట్టంలో వచ్చిన గొప్ప మార్పు అదేనంటాను. ఒక్క సంగతి దాచను: పరీక్షలు అక్కర్లేని కేసు మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా వాస్తవంలో అంతకన్నా ఎక్కువే పడుతుంది.

వరంగల్ వాలా గారూ, మీ విషయంలో షాపునీ కంపెనీనీ ఇద్దరినీ ఎదుటి పార్టీలుగా చేర్చొచ్చు. ‘మా పని అమ్మడం వరకే’ అనే మాట అక్కడ అంత తేలిగ్గా చెల్లదు.


కృష్ణలంక అమ్మాయి
జూలై 29, రాత్రి 8:05

బాబాయ్ గారూ, మీరు చెప్పినట్టే ఉంది. మళ్ళీ వెలుగుకి పట్టి చూశాను. లాగిన గుర్తు ఎక్కడా లేదు, అడ్డంగా ఒకే వరస. అమ్మకి మీ మాట చదివి వినిపిస్తే ‘చూశావా, మన తప్పు కాదు’ అంది. రెండు రోజులకి మొదటిసారి సరిగ్గా అన్నం తింది. చట్టం గారూ, ఉత్తరం రాస్తున్నాను.


మూడో అంతస్తు
జూలై 30, మధ్యాహ్నం 2:30

ఈ థ్రెడ్ నిన్నటి నుంచి నాలుగుసార్లు చదివాను. రాయాలా వద్దా అనుకుని రాస్తున్నాను. నేను ఆరేళ్ళు చీరల షోరూంలో సేల్స్‌లో చేశాను. అదీ మూడో ఫ్లోర్‌లోనే. ఇప్పుడు ఇంట్లో బ్లౌజులు కుట్టుకుంటున్నాను. ఏ ఊరో, ఏ షాపో చెప్పను.

కృష్ణలంక అమ్మాయి గారూ, మీకు చీర చూపించిన ఆ అమ్మాయి ‘అవునక్కా, నేతలోనే పోయింది’ అంది చూశారా. ఆ మాట అనడానికి ఆ పిల్లకి ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు. మేము పనిచేసిన చోట వాపసు వచ్చిన చీర విలువ మా నెల అమ్మకాల్లోంచి తీసేసేవాళ్ళు. టార్గెట్ తప్పితే ఇన్సెంటివ్ లేదు. ‘లోపం ఉందని కస్టమర్ ముందు ఎందుకు ఒప్పుకున్నావ్’ అని సూపర్‌వైజర్ అందరి ముందూ నిలబెట్టి అడిగేవాడు. అందుకే చాలామంది అమ్మాయిలు వాపసు సంచీ చూడగానే మొహం తిప్పుకుంటారు. మర్యాద తెలియక కాదు, జీతం గుర్తొచ్చి.

మాకు ట్రైనింగ్ ఇచ్చారు. చీర ఎలా విసిరి పరచాలి, భుజం మీద ఎలా వేసి చూపించాలి, రెండు వేలు చెప్పినవాళ్ళకి నాలుగు వేలది ఎప్పుడు తీయాలి, ‘లేదు’ అనే మాట వాడకుండా ఎలా మాట్లాడాలి. పదిరోజులు నేర్పారు. అమ్మిన తరువాత మనిషి తిరిగి వస్తే ఏం చేయాలో మాత్రం ఒక్క వాక్యం: ‘సూపర్‌వైజర్ దగ్గరికి పంపు.’ సూపర్‌వైజర్‌కి చెప్పింది కూడా అదే, పై వాడి దగ్గరికి పంపమని. ఆ పైన ఓనరు. ఆయన వేరే ఊళ్ళో. మిమ్మల్ని తిప్పింది ఐదుగురు కావచ్చు, ఆ ఐదుగురిలో ‘సరే, మారుస్తాను’ అనే అధికారం ఒక్కరికీ లేదు. వాళ్ళు మిమ్మల్ని అవమానించాలని తిప్పలేదు. తిప్పడం తప్ప వాళ్ళ చేతిలో ఇంకేమీ లేదు.

ఇంకొకటి. అమ్మగారు రెండు గంటలు నిలబడ్డారని చదివి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మేము రోజుకి పదకొండు గంటలు నిలబడేవాళ్ళం. కస్టమర్ లేకపోయినా కూర్చోకూడదు. ర్యాక్‌కి ఆనుకున్నా సీసీ కెమెరాలో చూసి ఫోన్ చేసేవాళ్ళు. బాత్‌రూమ్ సెల్లార్‌లో ఒక్కటే, అడిగి వెళ్ళాలి. అందుకని నీళ్ళు తాగడం మానేసేవాళ్ళం. ఆషాఢం, శ్రావణం, దసరా, సంక్రాంతి, పెళ్ళిళ్ళ సీజన్లలో వారాంతపు సెలవు ఉండదు. మీకు చూపించిన నలభై చీరలు రాత్రి షట్టర్ దించాక ఒక్కొక్కటే మళ్ళీ మడత పెట్టాలి. నా కాళ్ళ నరాలు ఇప్పటికీ ఉబ్బే ఉన్నాయి. ఇరవై ఏడేళ్ళకే.

కేరళలో కోజికోడ్ బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్ళు దీని మీద ఏళ్ళ తరబడి పోరాడారు. విజి అనే ఆవిడ, వాళ్ళ ‘పెణ్‌కూట్టు’ సంఘం. మొదట మరుగుదొడ్ల కోసం, తరువాత కూర్చునే హక్కు కోసం. 2018లో అక్కడి ప్రభుత్వం దుకాణాల చట్టం మార్చి, పనిచేసేవాళ్ళకి సీటు ఉండాలని రాసింది. 2021లో తమిళనాడు కూడా అలాగే చేసింది. ఈ సంగతి నాకు ఉద్యోగం మానేశాక తెలిసింది. ముందే తెలిసి ఉంటే కనీసం నోరు విప్పి అడిగేదాన్ని. మన దగ్గర కూడా ప్రతి కౌంటర్ వెనకా ఒక స్టూలు కనిపించాలని నా కోరిక. నొప్పులతో నిలబడ్డ మనిషి మొహంలోంచి నవ్వు ఎక్కడినుంచి వస్తుంది?

మంచి కూడా చెప్పాలి. చివరి ఏడాదిన్నర ఒక చిన్న షాపులో చేశాను. ఆ ఓనరు మొదటిరోజే ‘వెయ్యి రూపాయల లోపు తేడా వస్తే నన్ను అడక్కు, నీకు న్యాయం అనిపించింది చెయ్యి, రాత్రికి పుస్తకంలో రాయి’ అన్నాడు. ఏడాదిన్నరలో నేను ఆ అధికారం వాడింది తొమ్మిది సార్లు. ఆ తొమ్మిది మందిలో ఏడుగురు మళ్ళీ మళ్ళీ వచ్చారు, నా పేరు పెట్టి అడిగారు. అక్కడ నాకు జీతం తక్కువే. అయినా ఆ ఉద్యోగమే నా సొంతదిగా అనిపించింది.


తాడితోట బాబాయ్
జూలై 30, సాయంత్రం 5:10

తల్లీ, మా కొట్లో కూడా పిల్లలు నిలబడే ఉంటారు. నేను ఎప్పుడూ ఆలోచించలేదు. పాతరోజుల్లో మేమూ గుమాస్తాలూ కస్టమర్లూ అందరం పరుపుల మీదే కూర్చునేవాళ్ళం. గ్లాసు కౌంటర్లు పెట్టించినప్పుడు ఆ కూర్చోవడం పోయిందని నువ్వు చెప్పేదాకా గమనించలేదు. ఇవాళే అబ్బాయితో మాట్లాడతాను.


డల్లాస్ తెలుగు
జూలై 31, ఉదయం 7:45

ఇక్కడి సంగతి చెప్పమని ఎవరూ అడగలేదు కానీ మూడో అంతస్తు గారు చెప్పిన ‘అధికారం’ మాట చదివాక రాయాలనిపించింది.

నేను అమెరికా వచ్చిన కొత్తలో కాస్ట్‌కో అనే పెద్ద స్టోర్‌లో ఒక మిక్సీ లాంటిది కొన్నాను. నెల తరువాత మోటారు ఆగిపోయింది. రసీదు ఎక్కడో పోయింది. భయపడుతూనే వెళ్ళాను. రిటర్న్ కౌంటర్‌లో ఇరవై ఏళ్ళు కూడా లేని కుర్రాడు నా మెంబర్‌షిప్ కార్డు గీకి, కొన్న తేదీ చూసి, డబ్బు కార్డులో వేసేశాడు. నాలుగు నిమిషాలు. ఎవరినీ పిలవలేదు. అంత పెద్ద వ్యాపారం ఆ కుర్రాడి చేతిలో పెట్టినట్టు అనిపించింది నాకు.

అలాగని ఇక్కడ అంతా స్వర్గం కాదు. ఎల్.ఎల్.బీన్ అనే పాత కంపెనీ ఎన్నేళ్ళ తరువాత తెచ్చినా వస్తువు వెనక్కి తీసుకునేది. కొందరు పాత సామాన్ల అంగళ్ళలో వాళ్ళ వస్తువులు చవగ్గా కొని తెచ్చి మరీ మార్చుకున్నారు. 2018లో వాళ్ళు ఆ పద్ధతి ఆపి ఏడాది గడువు పెట్టారు. టూర్ ముందు కెమెరా కొని, తిరిగొచ్చాక వాపసు ఇచ్చేవాళ్ళని మనవాళ్ళలో కూడా చూశాను. నాకు అది చాలా బాధ కలిగిస్తుంది. బాబాయ్ గారు చెప్పిన గంధం వాసన చీరా ఇదీ ఒకటే.

కూర్చునే విషయం: ఇక్కడ చాలా స్టోర్లలో క్యాషియర్లు నిలబడే ఉంటారు. ఆల్డీ అనే సరుకుల స్టోర్‌లో మాత్రం కూర్చునే బిల్లు వేస్తారు. వాళ్ళ లైనే అన్నిటికన్నా వేగంగా కదులుతుంది.


కిరాణా కొట్టు
జూలై 31, రాత్రి 10:30

మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. తాతల నాటి కిరాణా అంగడి. పెద్ద షోరూంల సంగతి నాకు తెలీదు, మా సంగతి చెబుతా.

మా తాత ఎప్పుడూ తూకం వేశాక పైన ఒక గుప్పెడు వేసేవాడు. కొసరు. అది లేకపోతే ఆడవాళ్ళు సంచి కట్టేవాళ్ళు కాదు. ఇప్పుడు అన్నీ ప్యాకెట్లే, కొసరు వేయడానికి చోటే లేదు. నాకు అది వెలితిగా ఉంటుంది. అందుకని పిల్లలు వస్తే చిక్కీ ముక్క పెడతా. చిల్లర లేదని చాక్లెట్ చేతిలో పెట్టడం మాత్రం చెయ్యను. చిల్లర వాళ్ళ డబ్బు, దానికి బదులు నేను అమ్ముకునే సరుకు అంటగట్టకూడదు.

కందిపప్పులో పురుగు వస్తే, సగం వాడేసి తెచ్చినా, మిగిలింది తీసుకుని కొత్తది ఇస్తా. ఎందుకంటే ఆ మనిషిని రేపు పొద్దున మళ్ళీ చూడాలి. వాళ్ళ పెళ్ళిళ్ళకి నేను వెళ్ళాలి, మా ఇంట్లో చావు వస్తే వాళ్ళు రావాలి. పెద్ద షాపు మేనేజర్‌కి మీ మొహం మళ్ళీ చూడాల్సిన పని లేదు. తేడా అక్కడే ఉందని నాకు అనిపిస్తుంది.


అనంతపురం టీచర్
ఆగస్టు 1, ఉదయం 9:00

కిరాణా కొట్టు అన్నా, మీలాంటివాళ్ళు ఉన్నందుకు సంతోషం. కానీ చిన్న అంగళ్ళన్నీ అలా ఉండవు. బిల్లు అడిగితే ‘నమ్మకం లేదా’ అంటారు. బిల్లు లేకపోతే చట్టం గారు చెప్పిన ఏ దారిలోనూ గట్టిగా నిలబడలేం. స్వీటు షాపుల్లో అట్టపెట్టెతో కలిపి తూస్తారు, పెట్టె బరువు మైసూర్‌పాక్ ధరకి కొంటున్నాం. అడిగితే నలుగురిలో నవ్వుతారు. తూకం సంగతి తూనికలు కొలతల శాఖకి ఫిర్యాదు చేయొచ్చని ఎంతమందికి తెలుసు?

ఇంకో విషయం ఎవరూ ఎత్తలేదు. మా నాన్న రైతు. పంచె, భుజాన తువ్వాలు. నా పెళ్ళికి ముందు వేరుశనగ అమ్మిన డబ్బుతో బంగారం కొందామని ఒక పెద్ద నగల షోరూంకి వెళ్ళాం. ఏసీ గది, గాజు తలుపు. మా తరువాత కారు దిగి వచ్చినవాళ్ళకి ముగ్గురు ఎదురెళ్ళారు. మా నాన్న కౌంటర్ దగ్గర నిలబడి రెండుసార్లు ‘బాబూ’ అని పిలిచాడు. మూడోసారికి ఒకబ్బాయి వచ్చి ‘వెండి కింద ఫ్లోర్’ అన్నాడు. అడక్కుండానే వెండి అనేశాడు. నాన్న జేబులో ఆరోజు మూడు లక్షలు ఉన్నాయి. ఏమీ మాట్లాడకుండా బయటికి వచ్చేశాడు. పక్క వీధిలో చిన్న కంసాలి దగ్గర చేయించాం. పదేళ్ళయింది, ఇప్పటికీ నాన్న గాజు తలుపుల షాపులోకి రాడు, బయటే నిలబడతాడు.

కస్టమర్ సర్వీస్ అంటే వాపసు, రీఫండ్ అనే మాట్లాడుతున్నాం. లోపలికి వచ్చిన మనిషిని మనిషిలా చూడటం అంతకన్నా ముందుది. దీనికి ఏ సెక్షన్ కింద ఫిర్యాదు చేయాలి?


చట్టం చదివినవాడు
ఆగస్టు 1, మధ్యాహ్నం 1:15

టీచర్ గారూ, మీ నాన్నగారికి జరిగినదానికి నా దగ్గర సెక్షన్ లేదు. క్షమించండి.

బిల్లు దగ్గర ఫోన్ నంబర్ ఇవ్వనిదే బిల్లు రాదని చెప్పే షాపులు చాలా ఉన్నాయి కాబట్టి ఒకటి చెబుతాను. నంబర్ కోసం పట్టుబట్టవద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలోనే చెప్పింది. ఇవ్వనని మర్యాదగా చెప్పండి. క్యారీ బ్యాగ్ విషయం కూడా అంతే. ముందుగా చెప్పకుండా బిల్లు చివర్లో సంచికి డబ్బు కలపడం తప్పని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020 డిసెంబర్‌లో తీర్పు ఇచ్చింది.


వరంగల్ వాలా
ఆగస్టు 2, రాత్రి 9:20

1915కి చేశాను. తెలుగులోనే మాట్లాడారు, ఓపిగ్గా రాసుకున్నారు, ఫిర్యాదు నంబర్ మెసేజ్ వచ్చింది. రెండు రోజుల్లో కంపెనీ నుంచి పెద్ద ఇంజనీర్ వచ్చాడు. కంప్రెసర్ మార్చాడు. షాపు నుంచి మాత్రం ఎవరూ ఫోన్ చేయలేదు. ఒక్కసారి ‘ఎలా ఉందండీ ఫ్రిజ్’ అని అడిగి ఉంటే టీవీ కూడా అక్కడే కొనేవాణ్ణి.


కృష్ణలంక అమ్మాయి
ఆగస్టు 8, రాత్రి 7:30

అప్‌డేట్. ఉత్తరం అందిన ఐదో రోజు షోరూం నుంచి ఫోన్ వచ్చింది. ఈసారి ఫ్లోర్ మేనేజర్ కాదు, హెడ్ ఆఫీసు నుంచి ఒక మేడం. ఫోటోలు చూశారట. ‘లోపం మాదే, అమ్మగారిని ఇబ్బంది పెట్టినందుకు క్షమించండి, చీర మారుస్తాం, వద్దంటే డబ్బు ఇస్తాం’ అన్నారు. క్షమించండి అనే మాట విని నేను ఒక నిమిషం మాట్లాడలేకపోయాను. నిన్న వెళ్ళి అదే ధరలో వేరే చీర తీసుకున్నాం. కొంగు నుంచి లోపలి చెంగు దాకా విప్పించి చూశాం, బాబాయ్ గారూ.

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. 1915 దాకా వెళ్ళాల్సిన అవసరం రాలేదు.


మూడో అంతస్తు
ఆగస్టు 8, రాత్రి 8:10

చాలా సంతోషం అక్కా. ఒక్కటి అడుగుతాను, ఏమనుకోకండి. మీరు ఉత్తరంలో ‘అమ్మిన అమ్మాయి కూడా లోపం ఒప్పుకుంది’ అని రాశారా? ఆ పిల్ల నిన్న కౌంటర్‌లో ఉందా?


కృష్ణలంక అమ్మాయి
ఆగస్టు 8, రాత్రి 8:25

రాశాను. ఎవరు ఏమన్నారో రాయమన్నారు కదా అని. నిన్న తను కనిపించలేదు. నాకు అసలు తట్టలేదు. ఇప్పుడు టెన్షన్‌గా ఉంది.


చట్టం చదివినవాడు
ఆగస్టు 8, రాత్రి 9:00

రాయమన్నది నేనే. నాకు కూడా ఆ కోణం తట్టలేదు. ఆ హెడ్ ఆఫీసు మేడంకి ఒక ఈమెయిల్ పెట్టండి. ఆ అమ్మాయి నిజాయితీ వల్లే మీరు ఆ షాపుని ఇంకా నమ్ముతున్నారని, ఆమె మీద ఏ కోతా పడకూడదని రాయండి.


కృష్ణలంక అమ్మాయి
ఆగస్టు 17, సాయంత్రం 6:40

ఈమెయిల్ పెట్టాను. ‘నోట్ చేసుకున్నాం’ అని ఒక్క లైను జవాబు వచ్చింది. సరిపోలేదనిపించింది. మొన్న సీమంతం అయ్యాక, ఇవాళ అమ్మా నేనూ మళ్ళీ షోరూంకి వెళ్ళాం. కొనడానికి కాదు.

తను ఉంది. ఆరోజు వీక్లీ ఆఫ్ అట. మూడో ఫ్లోర్‌లోనే, ఎవరికో చీరలు పరుస్తోంది. మమ్మల్ని చూసి ముందు భయపడింది, మళ్ళీ ఏదో వాపసు తెచ్చామనుకుంది. ‘నీ డబ్బులేమైనా కోశారా’ అని మెల్లగా అడిగాను. అటూ ఇటూ చూసి ‘లేదక్కా’ అంది. నిజమో కాదో నాకు తెలియలేదు. అమ్మ సీమంతంలో పంచిన గాజులు డజను, ఒక డబ్బాలో చలిమిడి తెచ్చింది. అవి తన చేతిలో పెట్టి ‘నీ మాట వల్లే మా కోడలికి మంచి చీర దొరికిందమ్మా’ అంది. ఆ పిల్ల గాజులు తీసుకుని కౌంటర్ కింద దాచుకుంది.

వచ్చేటప్పుడు ఆ ఫ్లోర్ మేనేజరే ఎదురొచ్చి అమ్మకి కుర్చీ తెప్పించాడు. అమ్మ కూర్చోలేదు. ‘నాకు వద్దు నాయనా, నేను వెళ్ళిపోయేదాన్ని. పొద్దున్నుంచీ నిలబడ్డ ఆ పిల్లకి వెయ్యి’ అంది. అతను కుర్చీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మేము మెట్లు దిగేశాం.

దసరాకి వెళ్తాం. వెళ్ళినప్పుడు కౌంటర్ వెనక చూసి ఇక్కడ రాస్తాను.